అక్షర ఋణము

(ధ్యాన భాగములు: రోమా 1:14, 15, లూకా 11:52)

మన సంఘములలో పెద్దలు నలుగురు కూడుకొన్నచోట తప్పక వినబడు మాట యొకటి కలదు. "మా కాలపు చదువే చదువు. ఇప్పటి పిల్లలకు ఎక్కములు రావు, పద్యములు రావు, గురువన్న భయము లేదు" అందురు. వినుటకు ఇంపుగానే యుండును. అయితే ఆ మాట పలుకువారు ఒక సంగతి మరచుచున్నారని మాకు తోచుచున్నది. ఆ కాలపు చదువు ఎవరికి చదువు? ఊరిలో ఎందరు బిడ్డలుండగా ఎందరు ఆ చాపమీద కూర్చుండిరి? ఈ ప్రశ్న వేసికొనకుండ పాత చదువును పొగడుటయు, తెగడుటయు రెండును తేలికపనులే.

ఈ ప్రశ్నను మాచేత వేయించినది సిర్గాపూరు చుట్టుపట్లనున్న ఒక పల్లె. సిర్గాపూరు నేడు సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడు డివిజనులో ఒక మండల కేంద్రము. 1956 నవంబరు 1వ తేదీకి ముందు నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమప్పుడు మెదకు జిల్లాలో కలిసెను. అందుచేత ఆ ప్రాంతపు బిడ్డ చెవినిబడు భాష ఒకటి కాదు. ఇంట తెలుగు, సంతలో కన్నడమును మరాఠీయు, తాండలో లంబాడీ, కచేరీలో ఆనాడు ఉర్దూ.

అచట ఒక వృద్ధుని యింట కుటుంబ ప్రార్థనకు కూర్చుండినప్పుడు ఆయన గూటిలోనుండి అట్టలూడిన మత్తయి సువార్త ప్రతి యొకటి తీసి మా చేతిలో పెట్టెను. చిన్ననాట పసులు గాచి, పొద్దుగూకిన తరువాత లాంతరు వెలుగులో ఉపదేశిగారియొద్ద ఆ పుస్తకముతోనే చదువ నేర్చెనట. "నా మనుమడు పొద్దుగాల్ల బస్సెక్కి ఖేడుకు పోతడు అయ్యగారూ, ఇంగ్లీషు చదువుతడు. మంచిదే. గని నాకు లాంతరు వెట్టి చెప్పినాయన బాకీ ఎవరికి కట్టాలె? ఆయన పోయి యాభయేండ్లాయె" అనెను. మేము అప్పటికేదో యొక మాట చెప్పి ప్రార్థన ముగించితిమి. ఆ ప్రశ్న మాత్రము మాతోకూడ ఇంటికి వచ్చెను.

లాంతరుబడికి ముందు పల్లెలలో నున్నది వీధిబడి. దానికి వేరుగ భవనము లేదు. అయ్యవారి అరుగో, గుడి మండపమో, ఊరిపెద్ద యింటి వసారాయో బడియగును. నేలమీద ఇసుక పరచి, వ్రేలితో ఓనమాలు దిద్దించెడివారు. చేయి కుదిరినతరువాత పలక, తాటాకు, గంటము. ఆపైని గుణింతములు, ఎక్కములు, శతక పద్యములు. అచ్చు పుస్తకములు వ్యాపించిన తరువాత పెద్దబాలశిక్ష. అన్నియు గొంతెత్తి వల్లెవేయవలసినవే. తెల్లవారకముందే బడికి రావలెను, ఆలసించినవానికి బెత్తము. అల్లరిచేసినవానికి గోడకుర్చీ, అంతకు మించినవానికి కోదండము. అయ్యవారికి జీతమనునది నెలనెల వచ్చు రూకలు కావు. కోతలనాడు కొలిచిన గింజలు, పండుగనాడు పెట్టిన కట్నము. దసరాకు పిల్లలు ఇల్లిల్లు తిరిగి పాటలుపాడి అయ్యవారికి మామూలు, తమకు పప్పుబెల్లములు తెచ్చుకొనెడివారు.

ఈ బడులనుగూర్చి వ్రాతమూలమైన సాక్ష్యము మనకు పొరుగుననే దొరకుచున్నది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాలనుండి బడుల లెక్కలు తెప్పింప నుత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన సమాధానము వానిలో మిక్కిలి వివరమైనది. ఇప్పటి అనంతపురము ప్రాంతము సైతము అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువుకొను పిల్లలు 6,641 మంది; అనగా జనులలో వేయింటికి ఏడుగురు. తెలుగు బడులు 226, కన్నడపు బడులు 235. ఆ పిల్లలందరిలో ఆడుపిల్లలు 60 మంది.

"మా కాలపు చదువు" అనువారు ఈ చివరి అంకెయొద్ద ఒక్క నిమిషము నిలువవలెను.

క్యాంబెల్ దొర ఆ బడులను తృణీకరించినవాడు కాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పు పద్ధతిని మెచ్చుకొనెను. అది ఇంగ్లండులో అనుకరింపబడినదనియు వ్రాసెను. ఆ మాట నిజమే. ఆండ్రూ బెల్ అను పాదిరి 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర శాలకు అధికారిగా వచ్చి, మన దేశపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన శాలలో పెట్టెను. నేర్చినవాడు నేర్వనివానికి చెప్పు పద్ధతినిగూర్చి 1797లో లండనులో పుస్తకము ప్రకటించెను. అటుతరువాత ఇంగ్లండు సంఘపు బడులలో అది "మద్రాసు పద్ధతి" అను పేర వ్యాపించెను. ఇంత దూరము ప్రయాణముచేసిన ఆ పద్ధతి మాలవాడకు, మాదిగవాడకు మాత్రము నడచి పోలేకపోయెను. మన ఊరి ఇసుక విలాయతు పిల్లల బల్లలమీదికి ఎక్కెను గాని ఊరి కడపటి గుడిసె ముంగిటికి చేరలేదు.

ప్రభువు ధర్మశాస్త్రోపదేశకులను గద్దించినప్పుడు వారు జ్ఞానమను తాళపుచెవిని తీసికొనిపోయిరనియు, తాము ప్రవేశింపక ప్రవేశించువారిని ఆటంకపరచిరనియు చెప్పెను. ఈ మాటను అయ్యవార్లమీద విసరి మనము చేతులు దులుపుకొనుట సులభము. అట్లు చేయ మాకు ఇష్టము లేదు. అయ్యవారు సామాన్యముగా పేదవాడు. నలుగురు పెట్టిన గింజలతో బ్రతుకువాడు ఆ నలుగురు కట్టిన గోడను దాటి పోలేకపోయెను. అది తప్పు కాకపోలేదు. అయితే తమ పిల్లలను చాపమీద కూర్చుండబెట్టి, పొరుగు పిల్లవానిని దూరముగ నిలువబెట్టిన తలిదండ్రులు ఆ అయ్యవారికంటె తక్కువ బాధ్యులా? తాళపుచెవి ఒక్కని చేతిలో నుండదు. ఊరంతయు దానిని పట్టుకొని యుండును.

క్యాంబెల్ చెప్పిన మరియొక సంగతి మనకు పనికివచ్చును. పిల్లలు పద్యములు వందలకొలది అప్పగింతురు గాని వాని అర్థము వారికి తెలియదని ఆయన విచారపడెను. నైజాము రాజ్యములో ఈ చిక్కు మరి యొక రూపమున వచ్చెను. సర్కారు బడులకు తహతానియా, వస్తానియా, ఫౌఖానియా అని పేర్లు. పై చదువంతయు ఉర్దూలో. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధనాభాష ఉర్దూ. ఇంగ్లీషును కాదని దేశభాషలో పై చదువు చెప్పుట సాహసకార్యమే, దానిని మెచ్చుకొనవలసినదే. కాని నారాయణఖేడు పల్లెలో తెలుగు పలుకు బిడ్డకును, తాండలో లంబాడీ పలుకు బిడ్డకును అదియు పరభాషయే గదా. ఖాన్గీ బడి పెట్టుకొందమన్నను సర్కారు అనుమతి ముందుగా పొందవలెనను నిబంధన వచ్చెను. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 మొదలుకొని అంటరానివారని త్రోయబడిన పిల్లలకు బడులు తెరచుట, 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగు బాలికల పాఠశాల స్థాపించుట, 1930లో మన మెదకు జిల్లా జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ కూడుట, ఇవి యన్నియు ఆ చీకటిలో వెలిగిన దీపములు. వాని వెలుగు సిర్గాపూరువంటి ఊళ్లకు చేరుటకు చాలకాలము పట్టెను.

నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో ఎజ్రా ధర్మశాస్త్రము చదివినప్పుడు లేవీయులు జనులమధ్య నిలిచి అర్థము చెప్పిరి. అర్థమైనందున జనులు ఏడ్చిరి. అర్థము కాని చదువుకు ఎవరును ఏడ్వరు. బెత్తము దెబ్బకు ఏడ్తురు.

ఇక లాంతరుబడి మాట. మెదకు వైపునుండి వెస్లియను మిషనువారును, బీదరు వైపునుండి అమెరికా మెథడిస్టు మిషనువారును పల్లెలకు ఉపదేశులను పంపిరి. మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని గోపురమును చూడ ఎంతోమంది పోవుచున్నారు, మంచిదే. కాని మాకు ఆ గోపురముకంటె ఉపదేశి లాంతరు గొప్పదిగా కనబడును. ఉపదేశి గొప్ప పండితుడు కాడు. నాలుగైదు తరగతులు చదివి, కొన్నాళ్లు శిక్షణ పొంది, భార్యాబిడ్డలతో ఊరి చివర గుడిసె వేసికొనినవాడు. పగలు బడి పెట్టిన పిల్లలు రారు. కొందరు పసులవెంట, కొందరు పొలములలో, కొందరు అప్పు క్రింద జీతమునకు కుదిరి యుందురు. కనుక పొద్దుగూకి, పసులు దొడ్డికి చేరి, పిల్లవాడింత గటక త్రాగిన తరువాత బడి మొదలగును. ఒక కందెన పట్టిన లాంతరు. పలకలు నాలుగుంటే పిల్లలు పదునాలుగురు. కొందరికి నేలయే పలక. మొదట ఒక కీర్తన, తరువాత అక్షరములు, తరువాత ప్రభువు నేర్పిన ప్రార్థన. కండ్లు మూతలుపడువరకు చదువు. ఉపదేశిగారి భార్య ఆడుపిల్లలను ఒక ప్రక్కకు కూర్చుండబెట్టుకొని చెప్పెడిది. ఆమెకు జీతము లేదు. ఏ లెక్కలోను ఆమె పేరు వ్రాయబడలేదు.

ఆ చదువు ఏపాటిది? పద్యములు రావు, లెక్కలు అంతంతమాత్రము. కాని దాని విలువ పటేలు కచేరీలో తెలిసెడిది. అంతకుముందు కాగితముమీద ఏమి వ్రాసినదో తెలియక తాత వేలిముద్ర వేసెను. ఆ ముద్రచేత తండ్రి జీతగాడయ్యెను. తండ్రి అప్పుచేత కొడుకు పసులకాపరి యయ్యెను. ఇట్టి భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు 1936లో నైజాము సర్కారు చట్టము చేసెను. చదువలేనివానికి చట్టమున్నదని ఎవరు చెప్పుదురు? "పది రూపాయలు" అని వ్రాసినచోట "నూరు" అని యున్నదేమని అడుగగలిగిన పిల్లవాడొకడు ఇంటిలో నుండుటయే ఆ కుటుంబమునకు కొత్త సంగతి. పసులెవరు కాయవలెనని దొరలు కోపగించుటలో ఆశ్చర్యము లేదు.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. దానిని మేము దాచము. "ఆ లాంతరు ఎర గదా, అక్షరము చూపి మతములోనికి లాగిరి" అని కొందరందురు. ఉపదేశులు వాక్యము చదివించుటకే అక్షరము చెప్పిరనుట నిజము. చదివినవారు బాప్తిస్మము పొందవలెనని కోరిరనుటయు నిజము. ఎక్కడనైన ఒక ఉపదేశి ప్రార్థనకు రానివానికి పలక ఇయ్యనని యుండినయెడల అతడు ప్రభువు మనసుకు విరోధముగ చేసినవాడే. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను శుద్ధిచేయగా తొమ్మిదిమంది తిరిగి రాలేదు. వారెక్కడ అని ఆయన అడిగెను గాని, ఇచ్చిన స్వస్థతను వెనుకకు తీసికొనలేదు. అక్షరముకూడ అట్టిదే. ఒకసారి ఇచ్చినతరువాత ఇచ్చినవాని చేతిలో నుండదు. మత్తయి సువార్త చదువ నేర్చినవాడు పట్వారి దస్త్రమును చదువును, కోర్టు నోటీసును చదువును, మనలను విమర్శించు పత్రికను సైతము చదువును. ఎర వేయువాడు చేపకు గాలమును విప్పు విద్యను నేర్పడు గదా.

అయితే వృద్ధుడు అడిగినది ఇది కాదు. బాకీ ఎవరికి కట్టవలెనని ఆయన ప్రశ్న.

పౌలు రోమీయులకు వ్రాయుచు తాను గ్రీసుదేశస్థులకును ఇతరులకును, జ్ఞానులకును మూఢులకును ఋణస్థుడనని చెప్పుకొనెను. ఇది విచిత్రమైన లెక్క. ఆ మూఢులయొద్ద పౌలు ఏమి అప్పు తీసికొనెను? ఏమియు లేదు. పుచ్చుకొన్నది ఒకరియొద్ద, బాకీపడినది మరియొకరికి. షావుకారు పద్దులో ఇట్టి లెక్క కుదరదు. మన దేశపు పెద్దలు ఋషిఋణమని ఒకటి చెప్పి, చదివి చదివించుటచేత దానిని తీర్చవలెననిరి. ఆ ఎరుక ఈ నేలమీద పాతదే. ఎవరిని చదివించవచ్చును, ఎవరిని చదివించరాదు అనుచోటనే వారి పద్దు తప్పెను. వీధిబడిలో పెద్ద పిల్లవాడు తాను చదువు ముగించువరకు ఆగలేదు. గుణింతము వచ్చినవాడు ఓనమాల వానికి చెప్పెను. ఋణము పైకి తిరిగిపోలేదు, క్రిందికి పారెను. అట్లు చూచినయెడల వృద్ధుని బాకీ ఉపదేశి సమాధియొద్ద కాక, నేడు చదువురాని బిడ్డయొద్ద నున్నది.

మాట సులభమే. కష్టమైన సంగతి ఇకమీద నున్నది. ఆ వృద్ధుని మనుమడు బస్సెక్కి ఇంగ్లీషు బడికి పోవుట తప్పా? తప్పని మేము చెప్పజాలము. తన యింటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని తిమోతికి వ్రాయబడినది. మూడు తరములు వేలిముద్ర వేసిన యింటివారు నాలుగవ తరము బిడ్డకు మంచి చదువు కోరిన, త్యాగము చేయుమని వారికి బోధించుటకు ఎవరికి నోరు వచ్చును? ఇది వ్రాయుచున్న మేముకూడ మా బిడ్డలను ఇంగ్లీషు బడులకే పంపితిమి. పంపి, ఆదివారమున పల్లెలలో విద్యనుగూర్చి ప్రసంగించితిమి. ఇది ఒప్పుకొనకుండ ఈ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు.

అయితే ఆ బస్సు వెళ్లినతరువాత ఊరిలో ఏమి మిగిలినదో చూడవలెను. పల్లెలోని సర్కారు బడికి గదులున్నవి, ఉపాధ్యాయులున్నారు, మధ్యాహ్న భోజనమున్నది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదియేండ్లలోపల పదునాలుగేండ్ల ప్రాయమువరకు బిడ్డలందరికి ఉచిత నిర్బంధ విద్య నిచ్చుటకు ప్రయత్నింపవలెనని చెప్పెను. పదియేండ్లు గడచిపోయెను; అది జరుగలేదు. 2002లో రాజ్యాంగ సవరణచేత చదువు హక్కు ఆయెను. 2009 నాటి చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. కనుక ఇక బాకీ సర్కారుది, మనది కాదు అనుకొందుమా? చట్టము తలుపు తెరచును. ఆ తలుపునొద్దకు బిడ్డను చేయిపట్టి తీసికొనిపోవువారు వేరుగ కావలెను. ఈ ప్రాంతపు తాండలనుండి చెరకు కొట్టుటకు కుటుంబములు నెలలకొలది వలసపోవును. బిడ్డలు వెంట పోవుదురు. తిరిగి వచ్చునప్పటికి తరగతి ముందుకు పోయి యుండును. వారు మరచినది వారికి ఎవరును మరల చెప్పరు. పేరు పట్టీలో నుండును, బిడ్డ అక్షరములలో నుండడు. ఊరిలో అడుగగల నోరున్నవారి పిల్లలందరు బస్సెక్కి పోయినప్పుడు, అయ్యవారు నేడేల రాలేదని గాని, ఈ పిల్లవానికి అయిదవ తరగతిలోకూడ చదువ రాదేమని గాని అడుగువారెవరు? పాత కాలమున మనలను అరుగుమీదికి రానీయలేదు. నేడు మనమే అరుగు దిగి పోయితిమి. ఆ ఖాళీయైన చాపమీద మనకంటె పేదవారి బిడ్డలు కూర్చున్నారు.

మా తీర్పు ఇది. బిడ్డను ఏ బడికి పంపితివని దేవుడు అడుగునో లేదో మాకు తెలియదు. సాయంకాలము ఏమి చేసితివని మాత్రము అడుగును. ఉపదేశి పగటిని మన తాతలకు ఇయ్యలేదు. పగలు వారికి తీరిక లేదు. తాను అలసిన తరువాత, వారు అలసిన తరువాత, మిగిలిన ఆ కొంచెము రాత్రిని ఇచ్చెను. ఇంగ్లీషు చదివివచ్చిన మనుమడు ఆ బాకీ తీర్చుటకు తన బడి మానవలసిన పని లేదు. గంటసేపు చాలును. మద్రాసు పద్ధతికి అంతకంటె పెట్టుబడి ఎన్నడును లేకుండెను.

మేము ఈమధ్య మరల ఆ పల్లెకు పోయినప్పుడు వృద్ధునితో ఈ మాటలే చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. "ఇప్పుడు లాంతర్లెందుకు అయ్యగారూ, కరెంటున్నది" అని, వాడలోని ప్రార్థనా మందిరమువైపు చూపెను. "మన గుళ్లె నాలుగు లైట్లున్నయి, రెండు పంకలున్నయి. ఆదివారం తప్ప ఆరు దినాలు తాళమే ఉంటది." తాళపుచెవి ఎవరి యింట నున్నదని అడిగితిమి. ఆయన లేచి, లోపలి గదిలో దూలమునకు తగిలించియున్న దానిని తీసికొనివచ్చి మా ముందు మంచముమీద పెట్టెను.